కొబ్బరినూనెకీ నెయ్యికీ మధ్య వేడి

మా మావగారు ఏ వస్తువునైనా ముందు చేత్తో ఎత్తి చూసేవారు. విజయనగరంలో మాది పప్పులు, బెల్లం, చింతపండు, నూనెలు అమ్మే కొట్టు. ముందు కొట్టు, వెనక ఇల్లు. ఇత్తడి చెంబు కొన్నా, తలుపు గడియ కొన్నా, పెళ్లిలో నాకు పెట్టిన గొలుసు కొన్నా, ఆయన ఎడమ అరచేతిలో పెట్టుకుని ఒకసారి ఆడించి, బరువుంటే మంచి సరుకనీ, తేలిగ్గా ఉంటే మోసమనీ తేల్చేసేవారు. రెండో సంగతి కొసరు. తాను ఎక్కడ ఏం కొన్నా కొసరు అడగకుండా వచ్చేవారు కాదు. తన కొట్టుకి వచ్చినవాళ్లకి కొసరు వెయ్యకుండా పంపేవారూ కాదు. తూకం సరిపోయాక ఇంకో గుప్పెడు పప్పు వేస్తే గానీ ఆయన చేతికి తృప్తి ఉండేది కాదు. పిసినారి అని వీధంతా చెప్పుకునే మనిషికి ఆ గుప్పెడు దగ్గర మాత్రం చెయ్యి ఎందుకు వదులవుతుందో, కాపురానికి వచ్చిన కొత్తలో నాకు బోధపడేది కాదు.

యుద్ధం అయిపోయిన ఏడాది చలికాలంలో నాకు తొలి కాన్పు వచ్చింది. పుట్టింటికి తీసుకెళ్లడానికి మా అమ్మ నరసన్నపేటలో మంచిరోజు చూపించుకుంటోంది. ఆ మంచిరోజు దాకా నా బిడ్డ ఆగలేదు. ఏడో నెల నిండీ నిండకుండా, నేను చేటలో మినప్పప్పు చెరుగుతూ ఉండగా నొప్పులు మొదలై, మా అత్తవారింట్లోనే ఆడపిల్ల పుట్టింది. మా అత్తగారు నేను కాపురానికి రాకముందే పోయారు. ఇంట్లో ఉన్నది మా మావగారు, మా ఆయన, నేను. ఇద్దరు మగవాళ్లూ హాల్లో నిలబడి ఏం చెయ్యాలో తెలియక ఒకళ్ల మొహం ఒకళ్లు చూసుకున్నారట. మంత్రసాని బిడ్డని దూదిలో చుట్టి నా పక్కన పెట్టింది. మొహం నా పిడికిలంత ఉంది. చేతులూ కాళ్లూ చల్లగా ఉన్నాయి. నేను పట్టుకుంటే విరుగుతుందేమోనని భయపడి, పట్టుకోకపోతే పోతుందేమోనని ఇంకా భయపడ్డాను.

ఆడవాళ్ల ఆసుపత్రి నుంచి డాక్టరమ్మని పిలుచుకొచ్చారు. ఆవిడది గుంటూరు వైపు. పిల్లని తిప్పి తిప్పి చూసి, నా వైపు తిరిగి దాచకుండా చెప్పింది.

"పిల్లకి అవయవాలన్నీ బాగానే ఉన్నాయి. ఒంట్లో సొంత వేడి మాత్రం ఇంకా లేదు. అది వచ్చేదాకా బయటినుంచి మీరే ఇవ్వాలి. గది వెచ్చగా ఉంచండి. వేడిగా కాదు, వెచ్చగా. అలా ఉంచగలిగితే బతుకుతుంది."

వెచ్చగా అంటే ఎంత అని అడగడానికి నాకు నోరు రాలేదు. ఆవిడ థర్మామీటరు ఆవిడ సంచీలోనే వెళ్లిపోయింది. ఆ మాటని మా ఇంట్లో ఒక్కొక్కళ్లు ఒక్కొక్క విధంగా అర్థం చేసుకున్నారు. ఆ తర్వాత జరిగిందంతా అందులోంచే వచ్చింది.

కబురు అందగానే మా అమ్మ నరసన్నపేటకి దగ్గరి తిలారు స్టేషన్లో రైలెక్కి వచ్చింది. వస్తూ వస్తూ ఒక కుంపటి, బస్తాడు బొగ్గులు తెచ్చింది. పురిటిగదిగా నాకిచ్చింది ఇంటి వెనక ఉన్న సరుకుల గది. అంతకుముందు అందులో బెల్లం దిమ్మలు పెట్టేవారు. ఎంత అలికినా చీమలు పోలేదు, మంచం కోళ్ల కింద నీళ్ల పళ్లేలు పెట్టాల్సి వచ్చింది. పెంకుల సందుల్లోంచి తెల్లారకట్ల చలిగాలి నేరుగా నా మెడ మీదికి దిగేది. మా అమ్మ తలుపులు మూసి, కిటికీకి పాత చీర కట్టి, కుంపటి రాజేసింది. గది నిజంగానే హాయిగా అయింది. కాసేపటికి నాకు తలనొప్పి వచ్చింది. మర్నాటికి పిల్ల పాలచుక్క నాలుక మీద వేసినా మింగడం మానేసింది.

డాక్టరమ్మ మళ్లీ వచ్చి, గుమ్మంలోనే ముక్కు మూసుకుని, తలుపులు బార్లా తెరిచింది.

"ఈ మూసిన గదిలో బొగ్గులా! ఈ గాలికి పెద్దవాళ్లే పడిపోతారు. ఇంత పిల్ల ఏమైపోవాలి?"

"మరేటి సెయ్యమంటావు డాక్టరమ్మా? సలికి ఒగ్గీమంటావేటి?" అంది మా అమ్మ. కోపంగానే అంది గానీ కళ్లనిండా నీళ్లు.

అప్పుడు హాల్లోంచి మా మావగారి గొంతు వినిపించింది. "కరెంటుండగా కుంపటేటి సెల్లెమ్మా! విశాపట్నంలో మిలిటరీవోళ్ల సామానంతా అమ్మేస్తన్నారు. తెల్లోళ్లు గదులు ఎచ్చబెట్టుకునే హీటర్లు ఉన్నాయట. రేపే ఎల్తాను."

మా వీధిలో కరెంటు దీపాలు పెట్టించుకున్న మొదటి ఇళ్లలో మాది ఒకటి. అరుగు మీద ఒకటి, కొట్లో ఒకటి, హాల్లో ఒకటి. ఆ మూడు బల్బుల గురించి మా మావగారికి ఉన్న గర్వం ఇంతా అంతా కాదు. పగలు కూడా ఎవరైనా బంధువులు వస్తే ఒకసారి వేసి చూపించేవారు. ఇప్పుడా కరెంటు మనవరాలి ప్రాణానికి పనికొస్తుందంటే ఆయన ఆగుతారా? మర్నాడు పొద్దున్నే మా ఆయన్ని వెంటబెట్టుకుని విశాఖపట్నం వెళ్లారు.

అక్కడ పాత సామాను అమ్మే కొట్లో మూడు రకాల హీటర్లు పెట్టారట. చిన్నది, మధ్యరకం, పెద్దది. మా మావగారు మూడింటినీ వరసగా ఎత్తి చూశారు. చిన్నదాన్ని ఎత్తి, "ఇందులో ఏటున్నాది?" అని కింద పెట్టేశారు. పెద్దదాన్ని ఎత్తడానికి రెండు చేతులూ పట్టాయట. బేరం అక్కడే తెగింది. కొసరుగా హీటరుతో పాటు బారెడు కాదు, బారల కొద్దీ కరెంటు తీగ రాబట్టారు. కూలివాడి నెత్తిన పెట్టించుకుని స్టేషను నుంచి ఊరేగింపుగా తెచ్చారు. నల్లటి ఇనప్పెట్టె, ముందు తళతళలాడే రేకు, దాని ముందు తీగ చుట్టిన రెండు తెల్లటి కడ్డీలు. మా అమ్మ దాన్ని చూసి దణ్ణం పెట్టింది.

పురిటిగదిలో దీపం లేదు కాబట్టి కరెంటు హాల్లోంచి తేవాలి. హాల్లో బల్బు హోల్డరు నుంచి తీగ లాగి, గోడ వెంట కొట్టి, మా కిటికీలోంచి లోపలికి దింపారు. కొసరు తీగ అక్కడ కలిసొచ్చింది. అంతా అయ్యాక మా మావగారికి ఒక సందేహం పట్టుకుంది. మా ఇంట్లో పురుడు చాలా గట్టిగా పట్టేవారు. పురిటిగదిలోకి వెళ్లిన వస్తువు పురుడు వెళ్లేదాకా గడప దాటి రాకూడదు. నేనూ, నాతో ఉన్న మా అమ్మా గడప అవతలి వస్తువు ముట్టుకోకూడదు. మరి ఈ తీగ ఒక కొస మా గదిలో, రెండో కొస దేవుడి గూడు పక్కన. దీని మీదుగా అంటు వస్తుందా రాదా? పురోహితుణ్ణి పిలిచి అడిగారు. ఆయన గడ్డం గోక్కుని చాలాసేపు ఆలోచించి, రాగికి దోషం లేదు గానీ స్విచ్చి మాత్రం మడివైపే ఉండటం మంచిదన్నాడు. ఆ విధంగా వేడి మా గదిలో, స్విచ్చి మా మావగారి దగ్గర ఉండిపోయాయి. అప్పుడు అందరం తలలూపాం. నేనూ ఊపాను.

దీపాలు పెట్టే వేళకి స్విచ్చి వేశారు. రెండు కడ్డీలూ ముందు నల్లగా, తర్వాత ఎర్రగా, తర్వాత నారింజ రంగులోకి వచ్చాయి. గోడలన్నీ ఎర్రబడ్డాయి. నాకు ఏడుపొచ్చింది, సంతోషంతోనే. ఆ సంతోషం కాసేపే. హాల్లో టప్‌మని చప్పుడైంది, ఇల్లంతా చీకటి. కొట్లో ఎవరికో కందిపప్పు తూస్తున్నారట, త్రాసు ఎటు మొగ్గిందో కనపడక కొన్నవాళ్లూ అమ్మినవాళ్లూ గొడవపడ్డారు.

ఫ్యూజు తీగ కాలిపోయింది. మా మావగారు దాని స్థానంలో కొత్త తీగ కట్టారు. ఒక పేట సన్నంగా కనిపించిందని ఇంకో రెండు పేటలు కలిపి మెలివేశారు. మళ్లీ స్విచ్చి వేస్తే ఈసారి ఫ్యూజు పోలేదు గానీ, గోడమీద తీగ రబ్బరు కాలిన వాసన కొట్టింది. మా ఆయన తీగ మీద చెయ్యి వేసి చురుక్కుమని తీసేసుకుని, పరుగెత్తి స్విచ్చి ఆపేశాడు. స్కూలు ఫైనలు దాకా చదివినవాడు కాబట్టి, కిటికీలోంచి లాంతరు చూపించి హీటరు వీపున కొట్టిన రేకు చదివాడు.

"రెండు వేల వాట్లు నాన్నా ఇది. మనింట్లో దీపాలన్నీ కలిపినా రెండొందలు లేవు. ఆ దీపాలకేసిన తీగ దీన్నెలాగ మోస్తాది?"

"అంత బలమున్నాదా దీనికి!" అన్నారు మా మావగారు. ఆ మాటలో భయం కన్నా మురిపెమే ఎక్కువ వినిపించింది నాకు.

చివరికి ఫ్యూజు మామూలుగా కట్టి, రెండు కడ్డీల్లో ఒకదాన్ని విప్పేయించారు. ఒక్క కడ్డీ అంటే వెయ్యి వాట్లు. అదీ ఇంట్లో దీపాలన్నీ ఆర్పుకుంటేనే. అప్పట్లో కిరసనాయిలు దొరకడమే గగనం. అయినా ఊరంతటికీ బల్బు చూపించిన మనిషి చీకటి పడగానే కొట్లో కిరసనాయిలు దీపం పెట్టుకుని కూర్చున్నారు. వచ్చినవాళ్లు, "ఏటి సావుకారూ, కరెంటు పోనాదా?" అంటే, "పోలేదు, లోపల మా మనవరాలు వాడుకుంటన్నాది" అనేవారు.

అసలు కష్టం అక్కడే మొదలైంది. ఒక్క కడ్డీకే మా చిన్న గది కాసేపట్లో ఉడికిపోయేది. అప్పుడు మా అమ్మ గుమ్మం దగ్గరికి వెళ్లి, "అన్నయ్యగారూ, ఆపండి" అని కేకవేసేది. ఆపాక పెంకుల్లోంచి చలి దిగేది. మళ్లీ, "అన్నయ్యగారూ, వెయ్యండి." ఆయన కొట్లో ఉంటే మా ఆయన పరుగెత్తాలి, మా ఆయన బజారుకి వెళ్తే ఆయనే త్రాసు వదిలి రావాలి. పిల్ల పాదాలు ఒకసారి మంచుముక్కల్లా ఉండేవి, ఇంకోసారి ఎర్రగా కాలుతూ ఉండేవి. ఉగ్గుగిన్నెతో పాలు పడితే చలిలో మింగడానికి ఓపిక లేక, వేడిలో మింగడానికి ఇష్టం లేక పక్కనుంచి కార్చేసేది.

ఎంత వేడి కావాలో నాకు తెలిసింది పడుకుని ఊరికే చూస్తూ ఉండటం వల్ల. మంచం పక్కన గూట్లో రెండు గిన్నెలుండేవి. ఒకటి పిల్ల ఒంటికి రాసే కొబ్బరినూనె, భావనపాడు వైపు తోటల కొబ్బరి ఆడించి మా అమ్మ తెచ్చింది. రెండోది నా పథ్యం అన్నంలోకి నెయ్యి. చలి దిగినప్పుడు కొబ్బరినూనె తెల్లగా గడ్డకట్టేది, ఆ వేళకే పిల్ల పాదాలు చల్లబడేవి. వేడెక్కినప్పుడు నెయ్యి పూస విడిపోయి నీళ్లలా అయ్యేది, ఆ వేళకే పిల్ల ఒళ్లు ఎర్రబడి రొప్పేది. మధ్యలో కాసేపు, నూనె కరిగి నెయ్యి ఇంకా పూసగానే ఉన్నంతసేపు, పిల్ల నిమ్మళంగా ఉండేది, పాలు మింగేది. మా పుట్టింటివాళ్లదీ నూనె కొట్టే; నూనె కొట్టువాళ్ల పిల్లని, నూనె కొట్టువాళ్ల కోడల్ని. అయినా ఇన్నాళ్లూ ఆ రెండు గిన్నెల మధ్య పడుకుని డాక్టరమ్మ మాటకి అర్థం వెతుక్కున్నాను.

ఆ సంగతి అమ్మకి చెప్పాను. ఆ తర్వాత నెయ్యి మెత్తబడగానే కేకవేసేవాళ్లం. అయినా వేడి ఆగేది కాదు. కేకవేశాక కూడా కడ్డీ ఎర్రగానే ఉండేది. ఒకరోజు మధ్యాహ్నం మా అమ్మ ఆపమని చెప్పి చాలాసేపైంది. నెయ్యి పూర్తిగా కరిగిపోయింది. పిల్ల పెదాలు ఎండిపోయి, డొక్కలెగరేస్తూ, కళ్లు తెరవడం మానేసింది. మా అమ్మ తడిగుడ్డ వేస్తూ దేవుళ్లందర్నీ పిలుస్తోంది. హాల్లో మా మావగారు మా ఆయనతో అంటున్న మాట స్పష్టంగా వినపడింది.

"ఉండ్రా, అప్పుడే ఆపకు. దానికి కొంచెం కొసరు ఉండనీ."

నాకు ఒళ్లు మండిపోయింది. పెళ్లయింది మొదలు నేను ఆయనతో నేరుగా మాట్లాడింది లేదు. ఏదైనా ఉంటే మా ఆయన చేత చెప్పించేదాన్ని. ఆయన కనపడితే తలుపు చాటుకి వెళ్లేదాన్ని. ఆ రోజు పచ్చి బాలింతని, లేచి నిలబడి, గడప దాకా వచ్చి అరిచాను.

"మావయ్యా! ఆపమంటే ఆపీయండి! నా పిల్ల పప్పు కాదు కొసరెయ్యడానికి! సచ్చిపోతన్నాదిక్కడ!"

స్విచ్చి ఆపిన చప్పుడు వినపడింది. మా అమ్మ నోటిమీద చెయ్యి వేసుకుని, "ఓలమ్మ! మావగారితో అలగ మాటాడతారేటే?" అంది. అన్నందుకు నాకు విచారం లేదు. ఇప్పటికీ లేదు.

ఆయన కోపంతో వస్తారనుకున్నాను. గడప అవతల నిలబడి, నేలచూపులు చూస్తూ, చిన్న గొంతుతో మాట్లాడారు. "తక్కువైతే పిల్లకి సలేస్తాది కదేటమ్మా. రవ్వంత ఎక్కువుంటే మంచిదే కదా అనుకున్నాను. ఎక్కువుంటే సెడిపోయీది ఏటుంటాది?"

ఆ మాటకి నా కోపం సగం దిగిపోయింది. పప్పు పొట్లంలో వేసే ఆ గుప్పెడే ఆయన మనవరాలికీ వేస్తున్నారు. ప్రేమ చూపించడానికి ఆయనకి తెలిసిన దారి అదొక్కటే. నేను రెండు గిన్నెలూ తెచ్చి గడపకి ఇవతల నేలమీద పెట్టాను. "ఇది సూడండి మావయ్యా. కొబ్బరినూనె కరగాల. నెయ్యి పూస ఇరగకూడదు. ఈ రెండిటికీ మధ్యనున్న వేడి కావాల నా పిల్లకి. వేసి ఒగ్గీసినా అంతలోనే ఉండాల. మాటిమాటికీ వేసి ఆపీది కాదు."

ఆయన గొంతుక్కూర్చుని, ముట్టుకోకుండా వంగి, నేతిగిన్నెలోకి చూశారు. బజార్లో సరుకు చూసే చూపది. నెయ్యి నీళ్లలా ఉంది. "అయ్యో, పూసంతా పోయింది" అన్నారు. ఆ తర్వాత తలెత్తి, గదిలోకి, మంచం మీద తడిగుడ్డ కింద ఉన్న పిల్ల వైపు చూశారు. పుట్టాక ఆయన దాన్ని చూడటం అదే మొదలు. చాలాసేపు చూశారు. లేచి వెళ్లిపోయారు.

సాయంత్రానికి పిల్ల కళ్లు తెరిచింది. మర్నాడు పొద్దున్న ఆయన మా ఆయనతో మళ్లీ విశాఖపట్నం రైలెక్కారు. చేతిలో ఒక చిన్న క్యారేజీ ఉందట, ఒక గిన్నెలో కొబ్బరినూనె, ఒక గిన్నెలో నెయ్యి. అక్కడ జరిగింది మా ఆయన తర్వాత కిటికీ అవతల నిలబడి నాకు చెప్పాడు, నవ్వు ఆపుకోలేక మధ్యమధ్యలో ఆగుతూ. కొట్టువాడు గది ఎంత ఉంటుందని అడిగితే, ఆయన ఇన్ని బస్తాల బెల్లం పట్టే గది అని చెప్పారట. వాడు బిత్తరపోయి అడుగుల్లో చెప్పమంటే మా ఆయన చెప్పాడు. ఎంత వేడి కావాలంటే క్యారేజీ విప్పి రెండు గిన్నెలూ బల్లమీద పెట్టారు. రైల్లో జనం రద్దీకి కొబ్బరినూనె అప్పటికే కరిగిపోయి ఉంది.

కొట్టువాడు నవ్వుతూనే లెక్క చెప్పాడట. అంత చిన్న గదికి, అంత కొంచెం వేడికి, మన ఊరి చలికి ఐదొందల వాట్లు చాలు. అంటూనే మధ్యరకందీ చూపించి, ఇది వెయ్యి వాట్లు, కావాలంటే చిన్నదాని ధరకే ఇచ్చేస్తాను, తీసుకుపోండి అన్నాడు.

"నాన్న రెండూ ఎత్తి సూసేడు," అన్నాడు మా ఆయన. "సిన్నది ఒక్కసేత్తో లేచిపోయింది. నాకు గుండాగిపోయింది, మళ్లీ బరువైందే కొంటాడని. కాసేపలాగే నిలబడ్డాడు. తర్వాత, 'ఒద్దు బాబూ, నాకు ఎక్కువ ఒద్దు. తక్కువదే ఇయ్యి' అన్నాడే! మా నాన్న నోట ఎక్కువొద్దన్న మాట నేనెప్పుడూ ఇనలేదు."

కొత్త హీటరు లోపలికి వచ్చింది. తీగ బిగించేటప్పుడు మా మావగారు మా ఆయనతో, "స్విచ్చి లోపలెట్టించీ. అక్కడుండీవోళ్లకే తెలుస్తాది, సెయ్యి ఆళ్లదే ఉండాల" అన్నారు. పురోహితుడి మాట మా ఆయన గుర్తుచేశాడు. "రాగికి దోషం లేదన్నాడా లేదా? స్విచ్చిలో ఉన్నదీ రాగే" అన్నారు ఆయన. ఆ మాటతో పురోహితుడి సంగతి తేలిపోయింది.

స్విచ్చి నేనే వేశాను. ఒకే ఒక సన్నటి కడ్డీ. ఎర్రబడటానికే చాలాసేపు పట్టింది, ఎర్రబడ్డాక కూడా గోడలు వెలగలేదు. ఇంట్లో దీపాలు మాత్రం హాయిగా వెలుగుతున్నాయి. మా అమ్మ చెయ్యి చాపి చూసి పెదవి విరిచింది. "ఇదేటి, పిడక నిప్పుకున్నంత వేడి లేదు." నాకూ భయం వేసింది. గూట్లో కొబ్బరినూనె తెల్లగా, రాయిలా ఉంది. నేను దాన్నే చూస్తూ కూర్చున్నాను. ఎంతసేపటికీ మార్పు లేదు. మావగారి మీద అరిచి మరీ తెప్పించుకున్నాను, ఇది చాలకపోతే నా బిడ్డకి నేనే హాని చేసినదాన్ని అవుతానని లోపల కుమిలిపోయాను.

కిటికీలోంచి మావగారి గొంతు వినపడింది. "పెంకుల్లోంచి వేడంతా పోతన్నాదేమో సూడండి." వెంటనే కిటికీలోంచి ఒక్కొక్కటిగా గోనెసంచులు లోపలికి వచ్చాయి. కొట్లో సరుకు పోసే మంచి గోనెలు. పురిటిగదిలో వాడిన గోనెల్లో పురుడు వెళ్లినా మళ్లీ సరుకు పొయ్యరు, ఆ సంగతి ఆయనకి తెలుసు. మా అమ్మ వాసాలకి తాళ్లు కట్టి గోనెలు పరిచింది. కావలసినన్ని అయ్యాయని చెప్పినా ఇంకో నాలుగు వచ్చాయి. ఆ కొసరుకి మాత్రం నేనేమీ అనలేదు.

నూనె గిన్నె అంచున ముందు ఒక సన్నటి తడి గీత కనిపించింది. తర్వాత మధ్యలో ఉన్న తెల్లటి ముద్ద అంచునుంచి విడిపోయి, చిన్న ద్వీపంలా తేలి, సన్నగిల్లి, లేకుండా పోయింది. గిన్నె అడుగు కనిపించింది. పక్కన నెయ్యి పూసపూసగా అలాగే ఉంది. హీటరు ఆపకుండా వదిలేసి, నేను నిద్రపోయి లేచి చూసినా అలాగే ఉంది. మా అమ్మ పిల్ల పాదం పట్టుకుని, నా చేతిని లాక్కుని అక్కడ పెట్టింది. పాదం వెచ్చగా ఉంది. డాక్టరమ్మ చెప్పిన మాట నాకు ఆ నిమిషంలో అరచేతికి తెలిసింది.

ఆ తర్వాత కూడా భయాలు లేకపోలేదు. ఒక తెల్లవారుజామున మబ్బుపట్టి చలి హెచ్చితే నూనె మసకబారింది, ఇంకో గోనె తలుపుకి కట్టాం. ఒక మధ్యాహ్నం ఎండ కాసి నెయ్యి మెత్తబడింది, కిటికీ కాస్త తెరిచాం. అంతేగానీ స్విచ్చి జోలికి వెళ్లాల్సిన పని పెద్దగా రాలేదు. పిల్ల ఉగ్గుగిన్నె వదిలి నా దగ్గర పాలు తాగడం నేర్చుకుంది. ముడతలు పడ్డ తొడలు కొద్దికొద్దిగా నిండాయి. డాక్టరమ్మ వచ్చి రెండు గిన్నెల కథ విని పకపకా నవ్వి, పిల్ల గుండెమీద గొట్టం పెట్టి విని, నవ్వు ఆపి, "ఇలాగే ఉంచండి" అని వెళ్లింది. పురుడు వెళ్లాక మావగారు రోజూ కొట్టు కట్టేముందు లోపలికి వచ్చి గోడవార కూర్చునేవారు. స్విచ్చి ముట్టుకునేవారు కాదు. గూట్లోకి ఒకసారి, పిల్లవైపు ఒకసారి చూసి, "సరిపోతన్నాదేటమ్మా?" అని అడిగేవారు. "సరిపోతన్నాది మావయ్యా" అనేదాన్ని. మా ఇద్దరికీ మాటలు అలా కలిశాయి.

మాఘమాసం వెళ్లే రోజుల్లో ఒక పొద్దున్న నేను ఎవరికీ చెప్పకుండా హీటరు ఆపేశాను. ఇంకా చలి పూర్తిగా పోలేదు, నూనె అంచున తెల్లగా పేరుతూనే ఉంది. అయినా పిల్ల పాదాలు చల్లబడలేదు. గంటకోసారి పట్టుకుని చూశాను. చల్లబడలేదు.

ఎండ ముంగిట్లోకి వచ్చే వేళకి దానికి ఆకలి వేసింది. అంతవరకూ అది ఏడిస్తే పక్కన కూర్చున్నవాళ్లకే వినపడేది. ఆ రోజు నోరంతా తెరిచి, మొహం కందగడ్డ చేసుకుని, గోనెలు దాటి, హాలు దాటి, ముందు కొట్టుదాకా వినపడేలా ఏడ్చింది. మా అమ్మ వంటింట్లోంచి పరుగెత్తుకొచ్చింది. అంతకన్నా ముందే మా మావగారు వచ్చేశారు, చేతులనిండా బెల్లంతో.

"ఆగు సెల్లెమ్మా, ఎత్తకు," అన్నారు. "ఓపాలి ఏడవనీ. నన్నిననీ."

నిలబడి విన్నారు. కళ్లు తుడుచుకుంటే చేతికున్న బెల్లం మొహానికి అంటుకుంది. అది కూడా ఆయన గమనించలేదు.

"మావయ్యా, హీటరు పొద్దున్నే ఆపేసేను" అన్నాను.

ఆయన నమ్మనట్టు వంగి కడ్డీ ముందు చెయ్యి పెట్టి చూశారు. చల్లగా ఉంది. చెయ్యి పంచెకి తుడుచుకుని, మెల్లిగా పిల్ల పాదం పట్టుకున్నారు. అది ఏడుస్తూనే ఆయన చేతిని తన్నింది. కొట్లోంచి ఎవరో, "సావుకారూ, తూకం మధ్యలో ఒగ్గేసి ఎటెల్లిపోయావు?" అని పిలుస్తున్నారు. ఆయన పాదం వదల్లేదు, వెళ్లలేదు.